రేవులో ఎనిమిది గంటలు

తిరువూరులో ఒక ఇంటి అరుగు మీద వాదన నడుస్తోంది. ఒకవైపు రిటైరైన సోషల్ మాస్టారు. పక్షవాతం వచ్చిపోయాక ఆయన కుడికాలు పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. నాలుగు కాళ్ల చేతికర్రతో వీధి మలుపుదాకా వెళ్లగలరు, ఆపైన వీల్‌చైర్ కావాలి. రెండోవైపు ఆయన బావమరిది. ఆర్టీసీలో కంట్రోలర్‌గా పనిచేసి దిగినవాడు. బస్సు ఎన్నింటికి రావాలి, ఎన్నింటికి కదలాలి, మధ్యలో ఏది పాడైతే ఎవరు దెబ్బతింటారు అన్న లెక్క ఉద్యోగం ముగిసినా ఆయన్ని వదల్లేదు.

సంగతేమిటంటే, జర్మనీలో ఉంటున్న మాస్టారి కూతురు డిసెంబరులో అమ్మానాన్నల్ని మధ్యధరా సముద్రం మీద ఓడ ప్రయాణానికి తీసుకెళ్తానంటోంది. ఇటలీలో ఎక్కాలి. దారిలో ఒక రోజు ఏథెన్స్ రేవు పిరయస్‌లో ఆగుతుంది. పొద్దున్నే చేరి, చీకటి పడే వేళకి కదులుతుంది. ఆ మధ్య గంటల గురించే తగువంతా. దిగి ఊళ్లోకి వెళ్లాలంటారు మాస్టారు. ఓడలోనే ఉండి డెక్ మీంచి చూడమంటాడు కంట్రోలర్.

‘‘టికెట్ డిసెంబరులో ఎందుకు చవగ్గా ఉంది బావగారూ? అన్‌సీజన్ కాబట్టి. అంటే చలి, వాన, పెందలాడే మూసేసే గేట్లు. ఓడరేవు నుంచి అక్రోపోలిస్ కొండ వైపు టూరిస్టుల కోసం తిప్పే ఎక్స్‌ప్రెస్ బస్సు కూడా ఎండాకాలం సర్వీసే. అన్నీ నడిచే రోజుల్లో అందరూ చూసేది చూడ్డానికే మీకు కష్టం. అన్నీ ఆగిపోయాక వెళ్తే ఏం చూస్తారు?’’

‘‘అన్నీ నడిచే రోజుల్లో అక్కడ ఏం జరుగుతోందో కూడా చెప్పు మరి,’’ అన్నారు మాస్టారు. ‘‘2023 జులైలో ఎండ దెబ్బకి మధ్యాహ్నం పూట అక్రోపోలిస్ మూసేశారు. ఆ తర్వాతి వేసవుల్లోనూ మూయాల్సి వచ్చింది. జనం తాకిడి తట్టుకోలేక అదే ఏడాది సెప్టెంబరు నుంచి రోజుకి 20,000 మందికి మించి వదలకూడదని, గంటల వారీగా టికెట్లు ఇవ్వాలని నియమం పెట్టారు. ఆ ఇరవై వేలమందిలో నా కుర్చీ ఎక్కడ తిరుగుతుంది? నువ్వు దసరా స్పెషల్ బస్సులు నడిపించినవాడివి. ఇంద్రకీలాద్రికి నన్నూ మీ అక్కనీ ఏనాడైనా దసరాలో తీసుకెళ్లావా?’’

కంట్రోలర్ దగ్గర దీనికి జవాబు లేదు. బెజవాడ కొండ మీద మహామండపం నుంచి లిఫ్టు ఉంది. అయినా దసరా పది రోజుల్లోనూ, డిసెంబరులో భవానీలు దీక్ష విరమించే రోజుల్లోనూ కాలు సరిగా లేని పెద్దవాళ్లని కొండకి తీసుకెళ్లాలంటే ఎవరైనా జంకుతారు. మామూలు వారం చూసుకుని, పొద్దున్నే వెళ్లి, కుదురుగా దణ్ణం పెట్టుకుని వచ్చేయడం ఈ ప్రాంతంలో ఇంటింటా తెలిసిన పద్ధతే. మాస్టారి వాదనలో గట్టి పాలు ఇదే. నెమ్మదిగా నడిచే మనిషికి మెట్టు కన్నా గుంపు పెద్ద అడ్డంకి. మెట్టు ఎక్కడుందో ముందే కనుక్కోవచ్చు, దానికి తగ్గట్టు దారి మార్చుకోవచ్చు. వెనక నుంచి తోసుకొచ్చే జనానికి అలాంటి ఏర్పాటేదీ చేసుకోలేం. పైగా డిసెంబరులో ఏథెన్స్ పగటి వేడి 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఒకసారి పక్షవాతం వచ్చిన మనిషికి జులై ఎండ కన్నా అది ఎంతో నయం.

అలాగని కంట్రోలర్ మాటలు తీసిపారేసేవి కావు. ఏథెన్స్‌లో వానలు ఎక్కువగా పడేది నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లోనే. అక్రోపోలిస్ మీది పాలరాయి తరతరాల అడుగుల కింద అరిగి నున్నబడింది. తడిస్తే రెండు కాళ్లూ బాగున్నవాళ్లకే జారుతుంది. ఎండాకాలం రాత్రి దాకా తెరిచి ఉండే ఆ కొండ చలికాలంలో సాయంత్రం అయిదింటికల్లా మూతపడుతుంది. కొన్ని చిన్న ప్రాచీన స్థలాలైతే మధ్యాహ్నం మూడున్నరకే. రేవులో గడిపే ఒక్క రోజులో ఆ తేడా పెద్దదే.

ఏ రేవు అన్నది మొదట్లో ఇంకో తగువు. కూతురు ముందు చూసిన ఓడ శాంటోరిని మీదుగా వెళ్లేది. నీలి గోపురాలు, తెల్లటి గోడలు ఫొటోల్లో చూసి మాస్టారు మనసు పడ్డారు. అక్కడ కంట్రోలర్ గెలిచాడు, న్యాయంగానే గెలిచాడు. పెద్ద ఓడ శాంటోరిని ఒడ్డుని ఆనుకోదు. సముద్రంలోనే నిలబడుతుంది. అక్కడి నుంచి చిన్న పడవలోకి మారాలి. అలలకి పడవ ఊగుతుంటే వీల్‌చైర్ మనిషిని దింపడానికి చాలా ఓడలవాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకున్నా కింది రేవు నుంచి పైనున్న ఊరికి కేబుల్ కారు, అయిదు వందల పైచిలుకు మెట్లు, లేదా కంచరగాడిదలు, ఇవే దారులు. గాలి ఎక్కువైతే కేబుల్ కారు ఆగిపోతుంది.

‘‘బస్టాండులో బస్సు ప్లాట్‌ఫారం మీదికి రావడం వేరు, రోడ్డు మధ్యలో ఆపి దిగమనడం వేరు,’’ అన్నాడాయన. ‘‘ఓడ గట్టుకి కట్టే రేవు కావాలి మీకు. ముందు అది చూడండి. గుళ్లూ గోపురాలూ తర్వాత.’’

పిరయస్‌లో ఓడ గట్టుకే కడతారు. హిరాక్లియన్‌లో, రోడ్స్‌లో, ఒలింపియాకి దగ్గరి రేవైన కటాకోలోలో కూడా అంతే. వాటి మధ్యా తేడాలున్నాయి. రోడ్స్ పాత ఊరు ఓడకి ఎదురుగానే ఉంటుంది గాని వీధుల నిండా గుండ్రాళ్లు పరిచారు. వాటి మీద కుర్చీ చక్రం గడగడలాడుతుంది, చేతికర్ర కుదురుగా నిలవదు. కటాకోలో సమతలంగా ఉండే చిన్న రేవు. ఒలింపియా శిథిలాలూ చాలామటుకు చదునైన నేల మీదే ఉన్నాయి. కాకపోతే అక్కడికి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు ప్రయాణం. హిరాక్లియన్‌లో పురావస్తు మ్యూజియం రేవుకి దగ్గర. ఒక్క రోజే ఉన్నవాళ్లకి ఎంచుకోవడంలో మొదటి మెట్టు రేవు నుంచి దారి ఎలా ఉందన్నదే గాని, ప్రచార పత్రాల్లో సముద్రం రంగుకి దొరికినంత చోటు దీనికి దొరకదు.

ఇక పిరయస్. మాస్టారు కాగితం తీశారు. 2022 అక్టోబరులో మెట్రో మూడో లైను పిరయస్ దాకా వచ్చింది. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. సిండగ్మాలో లైను మారి ఒక్క స్టేషన్ వెళ్తే అక్రోపోలి. పైకి రాగానే అక్రోపోలిస్ మ్యూజియం.

‘‘లిఫ్టు ఆ రోజు పనిచేస్తుందని రాసిస్తారా?’’ అన్నాడు కంట్రోలర్. ‘‘ఓడ నిలిచే చోటు నుంచి మెట్రో దాకా వెళ్లేదెలా? రేవంటే ఒక గేటు కాదు, కిలోమీటర్ల పొడవు. ఇంకో మాట. ఓడవాళ్లే ఏర్పాటు చేసిన బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. మీ అంతట మీరు వెళ్లి ఆలస్యమైతే ఆగదు. గట్టు మీద నిలబడి చెయ్యి ఊపాలి.’’

‘‘ఓడవాళ్ల బస్సులో మొదటి మెట్టు మన సూపర్ లగ్జరీ మెట్టంత ఎత్తు. కుర్చీని ఎత్తే లిఫ్టున్న బస్సు కావాలంటే ముందే అడిగి పెట్టుకోవాలి. అన్‌సీజన్‌లో అది దొరక్కపోవచ్చు కూడా. కారైతే? మడత కుర్చీ డిక్కీలో పెట్టేస్తాం. నేను ముందు సీట్లో కూర్చుంటాను. మ్యూజియం పది కిలోమీటర్లు.’’

కారు దగ్గర ఇద్దరూ కొంత రాజీకొచ్చారు. చేతికర్రతో నాలుగడుగులు వేసి కారెక్కగలిగిన మనిషికి మెట్రో కన్నా టాక్సీయే మేలని కంట్రోలర్ ఒప్పుకున్నాడు. కుర్చీలోంచి అసలు లేవలేనివాళ్లకి ఈ సలహా పనికిరాదు. వాళ్లు ర్యాంపున్న బండిని ముందే మాట్లాడుకోవాలి. సొంత కుర్చీ పట్టుకెళ్లాలని కూడా ఆయన గట్టిగా చెప్పాడు. ఓడలో ఉండే కుర్చీలు చాలాచోట్ల ఎక్కడానికీ దిగడానికీ, అత్యవసరానికీ తప్ప రోజంతా ఊళ్లో తిప్పుకోడానికి ఇవ్వరు.

కొండ దగ్గరికి వచ్చేసరికి మాటలు మళ్లీ వేడెక్కాయి.

అక్రోపోలిస్ మీదికి వీల్‌చైర్ ఎక్కడం కొత్త సంగతి కాదు. 2004 పారాలింపిక్స్ ఏథెన్స్‌లో జరిగినప్పుడు ఉత్తరపు వైపు కొండ అంచుకి లిఫ్టు బిగించారు. తర్వాతి ఏళ్లలో అది తరచు మొరాయించింది. దివ్యాంగులు టికెట్ కొనుక్కుని వచ్చి కిందినుంచే వెనక్కి పోవలసిన రోజులున్నాయి. 2020 డిసెంబరు 3న, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం నాడు, ఒనాసిస్ ఫౌండేషన్ డబ్బుతో కొత్త లిఫ్టు మొదలైంది. పైన, ఎగుడుదిగుడు రాతి మీద కాంక్రీటు బాటలు పరిచారు. ఆ పని చూసిన కమిటీకి పెద్ద, అక్రోపోలిస్ మరమ్మతుల్లో జీవితం గడిపిన వాస్తుశిల్పి మనోలిస్ కోరెస్. ఆ బాటల మీద గ్రీసులోనూ బయటా పెద్ద దుమారం లేచింది. అంత పవిత్రమైన రాతిని సిమెంటుతో కప్పేశారని చరిత్రకారులు కోప్పడ్డారు. కింద పొర వేసి, కావాలంటే తీసేసేలా కట్టామని ప్రభుత్వం చెప్పింది.

‘‘వాళ్ల కోపం నాకర్థమైంది,’’ అన్నాడు కంట్రోలర్. ‘‘రెండున్నర వేల ఏళ్ల నాటి కొండ. అందరూ అన్నిచోట్లకీ వెళ్లి తీరాలా? నేను హిమాలయాలు ఎక్కలేదు. బాధపడలేదు.’’

మాస్టారు గొంతు పెంచలేదు గాని ఒక్కో మాటా ఒత్తి పలికారు. ‘‘ఆ కొండ ఎప్పుడు కదలకుండా ఉంది? క్రీస్తుపూర్వం 447లో పార్థినాన్ గుడి కట్టడం మొదలెట్టారు. తర్వాత అది చర్చి అయింది, మసీదయింది. 1687లో లోపల మందుగుండు నిలవ ఉండగా వెనిస్ ఫిరంగి గుండు పడి మధ్యకి పేలిపోయింది. అన్ని మార్పులు తట్టుకున్న కొండ నాలుగడుగుల బాటకి పాడైపోతుందా? మన సంగతి చూడు. నాగార్జునసాగర్ నీళ్లు నిలవాలని ఒక లోయనంతా తవ్వి, ఇక్ష్వాకుల కట్టడాల్ని ఊడదీసి, నాగార్జునకొండ ద్వీపం మీదా అనుపులోనూ మళ్లీ పేర్చారు. పొలాలకి నీళ్లు కావాలి కాబట్టి సరే అన్నాం. నడవలేని మనిషికి దారి కావాలంటే మాత్రం చరిత్ర గుర్తొస్తుందా?’’

నాగార్జునకొండ మాట రాగానే కంట్రోలర్ అందుకున్నాడు. ఆయన అసలు వాదన అక్కడే ఉంది. అనుపులో మెట్ల వరసలున్న ప్రాచీన రంగస్థలం ఉంది, చూడగానే గ్రీకు, రోమన్ నాటకశాలలే గుర్తొస్తాయి. తిరువూరు నుంచి కారులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు. వీసా అక్కర్లేదు, ఓడ గంట కొట్టదు. గ్రీసు చూడాలన్న కోరిక అక్కడే తీర్చుకోమంటాడు.

‘‘ద్వీపం మీద మ్యూజియానికో?’’ అని అడిగారు మాస్టారు. ‘‘విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాలి. జలాశయం నీటిమట్టం పెరుగుతుంటుంది, తగ్గుతుంటుంది. గట్టుకీ లాంచీకీ మధ్య ఎంత ఎత్తుంటుందో ఏ రోజుకారోజు చూసుకోవాలి. శాంటోరిని వద్దనడానికి నువ్వు చెప్పిన కారణం అదే కదా. పిరయస్‌లో గట్టు నుంచి గది దాకా చక్రం మీద వెళ్లొచ్చు. దగ్గరిదల్లా తేలిక, దూరానిదల్లా కష్టం అనుకోవద్దు. నా కాలికి అడ్డొచ్చేది కిలోమీటరు కాదు, జానెడు ఎత్తు.’’

తర్వాత ఆయన చెప్పింది పాఠంలా సాగింది. ఎందుకు గ్రీసే అన్నదానికి ఆయన కారణం వేరు. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని టాలమీ గ్రీకులో రాసిన భూగోళంలో మన కృష్ణా తీరం ‘మైసోలియా’గా కనిపిస్తుంది. ఆయన చెప్పిన ‘కంటకోస్సుల’ రేవు నేటి ఘంటసాలేనని చరిత్రకారులు గుర్తించారు. నాగార్జునకొండ శాసనంలోనూ ఆ ఊరు ‘కంటకసెల’గా ఉంది. ‘‘ఏళ్ల తరబడి పిల్లలకి ఈ మాట చెప్పాను. మన రేవుల పేర్లు రాసుకున్న భాష వినపడే చోట ఒక్క పూట కూర్చుని రావాలని ఉంది. కొండంతా తిరగాలని నేననలేదు.’’

ఇక్కడిదాకా లోపలే ఉండి వింటున్న మాస్టారి భార్య గుమ్మంలోకి వచ్చింది. కంట్రోలర్‌కి సొంత అక్క. ఆయన పట్టుదలకి అసలు కారణం కూడా ఆవిడే. ఆ మాట తమ్ముడే బయటపెట్టాడు: ‘‘బావగారూ, మీరు పార్థినాన్ చూస్తారు. మా అక్క రోజంతా మీ కుర్చీ వెనక భాగం చూస్తుంది. ఈ వయసులో ఎత్తెక్కే దారిలో తోయగలదా? ఒక్కరికోసం ఇద్దరు అలిసిపోవాలా?’’

దివ్యాంగుల ప్రయాణాల గురించి రాసేవాళ్లు తరచు దాటేసే ప్రశ్న ఇది. ర్యాంపు వాలు ఒక్క పిసరు పెరిగితే ఆ బరువు తోసేవాళ్ల నడుం మీదే పడుతుంది.

‘‘నన్నడక్కుండా నా తరఫున మాట్లాడతావేంట్రా,’’ అందావిడ. ‘‘నాకూ చూడాలనుంది. నున్నటి నేల ఉన్న చోటైతే కుర్చీ తొయ్యడం కష్టమేం కాదు. అమ్మాయి కూడా ఉంటుంది కదా. ఆ మ్యూజియం గురించి చెప్పండి మీరు.’’

మాస్టారు చెప్పారు. అక్రోపోలిస్ మ్యూజియం 2009 జూన్ 20న తెరిచారు. కట్టింది స్విస్ వాస్తుశిల్పి బెర్నార్ చుమీ. అన్ని అంతస్తులకీ లిఫ్టులున్నాయి, నేల చదును. అడుగున బయటపడిన పాత ఏథెన్స్ ఇళ్లూ వీధులూ గాజు నేలలోంచి కనిపిస్తాయి. కొండ మీది ఎరెక్తియాన్ గుడి వసారాని తల మీద మోసిన ఆరుగురు రాతి స్త్రీలలో అయిదుగురు ఇక్కడే ఉన్నారు, ఆరో ఆవిడ లండన్‌లో. పై అంతస్తు గదిని పార్థినాన్ ఏ దిక్కుకి ఉందో ఆ దిక్కుకే తిప్పి, గుడి కొలతల్లోనే శిల్పాల వరస పేర్చారు. ఎదురుగా అద్దాల్లోంచి అసలు కొండ. కూర్చున్న మనిషి కంటికి ఆ శిల్పాలు సరిగ్గా అందుతాయి. గుడి మీద ఉన్న రోజుల్లో అవి ఎంతో ఎత్తున, కింద నిలబడ్డవాళ్లకి అంతంతమాత్రంగానే కనిపించేవి. చలికాలంలో సోమవారం నుంచి గురువారం దాకా పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా తెరుస్తారు, శుక్రవారం రాత్రి 10 దాకా. డిసెంబరు 25, 26 తేదీల్లో మాత్రం సెలవు.

‘‘ఓడ చేరేది 25వ తేదీ కాదు కదా?’’ వెంటనే అడిగాడు కంట్రోలర్. కాదు. ఆయన మొహంలో కొంచెం మెత్తదనం కనిపించింది. క్యాలెండరు కుదిరిన చోట ఆయన సగం ఒప్పుకున్నట్టే.

అయినా చివరి బాణం ఒకటి వదిలాడు. ‘‘వాళ్ల దేశంలో వాళ్లు బాటలు వేసుకున్నారు, వెళ్లి మెచ్చుకుని వస్తారు. విశాఖలో మనకీ ఓడల టెర్మినల్ ఉంది కదా. అక్కడ మీలాంటి మనిషి ఓడ దిగితే?’’

ఇది పక్కదారి మాట కాదు. విశాఖపట్నంలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. అంతకు ముందే, 2022లో, కార్డీలియా ఓడ అక్కడి నుంచి జనాన్ని ఎక్కించుకుంది. ఏథెన్స్ నుంచి వీల్‌చైర్‌లో ఒక టీచరమ్మ ఒక్క పగటి కోసం విశాఖలో దిగిందనుకుందాం. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఊరికే తలమానికం. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి ఇరుకు ద్వారంలో వంగి, గడప దాటి కాలు పెట్టాలి. అది యుద్ధనౌక నిర్మాణం, మార్చలేం. ఆవిడకి బయటి నుంచి చూసే వసతి, లోపలి దృశ్యాలు చూపే తెర ఉంటే చాలు. తొట్లకొండ మీదికి కారు వెళ్తుంది. స్తూపం చుట్టూ చక్రం తిరిగే బాట ఎంత దూరం ఉందన్నది అసలు లెక్క. అరకు ఆ రోజుకి ఆశ పడకూడనంత దూరం.

‘‘దివ్యాంగులకి దారి సుగమం చేస్తామన్న మన సుగమ్య భారత్ అభియాన్ మొదలైంది 2015 డిసెంబరు 3న,’’ అన్నారు మాస్టారు. ‘‘వాళ్ల కొత్త లిఫ్టు తేదీ కూడా డిసెంబరు మూడే, అయిదేళ్ల తర్వాత. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చాక బస్టాండూ కార్యాలయమూ అందరికీ అందాలన్నది హక్కయింది. నేను అక్కడికి వెళ్లేది మెచ్చుకోవడానికి మాత్రమే కాదు. వాలు ఎంత పెట్టారు, మలుపులో కుర్చీ ఎంత చోటులో తిరుగుతోంది, అన్నీ కొలుచుకొస్తాను. తిరిగొచ్చాక నువ్వూ నేనూ కలిసి మన బస్టాండు నుంచి మొదలుపెడదాం. డిపోలో నీ మాట వింటారు.’’

కంట్రోలర్ ఏమీ అనకుండా పెన్ను తీసుకున్నాడు. ఓడ కంపెనీకి కూతురు పంపాల్సిన ప్రశ్నలు రాయడం మొదలుపెట్టాడు. పిరయస్‌లో గట్టుకే కడతారా, ఆ రోజు దిగే వంతెన వాలు ఎంత, కుర్చీ వెడల్పు గది తలుపులో పడుతుందా, అందరూ ఎక్కాల్సిన ఆఖరి టైము ఎంత. ఓడ మధ్యలో టర్కీ రేవు తగిలి మళ్లీ గ్రీసుకో ఇటలీకో వస్తే ఒకసారి ప్రవేశానికే చెల్లే షెంగెన్ వీసా చాలదని, పలుమార్లు వెళ్లొచ్చే వీసా అడగమని కింద గీత గీశాడు. తర్వాత ఆఖరి టైము నుంచి వెనక్కి లెక్కేశాడు. అక్కడ సూర్యాస్తమయం అయిదుంపావు లోపే. నాలుగున్నరకి ఎక్కాలంటే మూడింటికల్లా టాక్సీ మ్యూజియం దగ్గర ఉండాలి. పొద్దున దిగేవాళ్ల రద్దీ తగ్గాక తొమ్మిదిన్నరకి బయటపడితే చాలు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ తేల్చుకోలేదు. వాతావరణం బాగుంటే ముందు కొండ, తర్వాత మ్యూజియం అంటారు మాస్టారు. పొద్దున ఒంట్లో ఉన్న శక్తి మధ్యాహ్నం ఉండదు. మ్యూజియం కొండకి దక్షిణాన, లిఫ్టు ఉత్తరాన. చుట్టుదారి ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఎలాగూ కారులోనే తిరగాలి.

‘‘గాలి ఎక్కువైతే ఈ కొండ లిఫ్టునీ ఆపేస్తారేమో,’’ అన్నాడు కంట్రోలర్. ‘‘కింద ఉండగా ఆగితే మ్యూజియానికి వెళ్తారు. మీరు పైనుండగా ఆగితే దిగేదెలా?’’

మాస్టారి దగ్గర సమాధానం లేదు. అది కూడా కాగితం మీదికెక్కింది, ఓడ కంపెనీకి కాదు, అక్రోపోలిస్ కార్యాలయానికి. ఆ జవాబు వచ్చేదాకా మ్యూజియమే మొదటిదని కంట్రోలర్, రానివ్వు చూద్దామని మాస్టారు.

‘‘పైన కుర్చీ పట్టే బాత్రూమ్ ఉందో లేదో కూడా అడగమని రాయరా,’’ అంది ఆవిడ. ‘‘మ్యూజియంలో ఎక్కడుందో, ఓడరేవులో ఎక్కడుందో అవీ అడుగు. రోజంతా ఈయన మంచినీళ్లు తాగాలా వద్దా అన్నది దాన్నిబట్టే ఉంటుంది.’’

కంట్రోలర్ ఆ ప్రశ్నని అన్నిటికన్నా పైన రాశాడు.